పాత మొజాయిక్ గచ్చు మీద వినైల్ టైల్స్: ముందు కింద ఏముందో చూసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి: తిరుపతిలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, వంటింట్లో పాత మొజాయిక్ బండలు అరిగిపోయి మచ్చలు పడ్డాయి. పగలగొట్టాలంటే దుమ్ము, ఇంట్లో పెద్దవాళ్ళు ఇబ్బంది పడతారు. అందుకని పైనే స్టిక్కర్ వినైల్ టైల్స్ (వెనక గమ్ ఉండే పలచటి ప్లాస్టిక్ పలకలు) అంటించేస్తే ఎన్నాళ్ళు నిలుస్తాయి, ఎప్పటిలా నీళ్ళు పోసి కడుక్కోవచ్చా అని అడిగారు.

వినైల్ వేసుకోవచ్చండి, వంటింటికి స్టిక్కర్ రకం మాత్రం వద్దు. మాదీ తిరుపతే, గ్రౌండ్ ఫ్లోరే, మొజాయిక్ మీదే వేయించుకున్నాం. ఆ తర్వాత చాలా వానలు కురిశాయి, ఒక్క మూల కూడా పైకి లేవలేదు. అయితే ఏ డిజైన్, ఏ కంపెనీ అన్న ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గచ్చులో తేమ ఉందా, గచ్చు మీద జిడ్డు ఉందా అన్నది ముందు తేల్చుకోండి. నేను చూసినంతలో ఊడిపోయిన వినైల్ అంతా ఈ రెంటి వల్లే ఊడింది.

ముందు తేమ సంగతి. మన దగ్గర పాత ఇళ్ళలో నేల మీద కంకర పోసి, దాని మీద సిమెంటు, దాని మీద బండలు పరిచేశారు. మధ్యలో ప్లాస్టిక్ షీటు వేసే అలవాటు అప్పట్లో లేదు. భూమిలోని చెమ్మ మెల్లగా పైకి పాకుతూనే ఉంటుంది. మొజాయిక్ గాలి తగిలేలా ఉన్నంత కాలం ఆ చెమ్మ ఎప్పటికప్పుడు ఆరిపోతుంది కాబట్టి మనకు తెలియదు. పైన వినైల్ కప్పేస్తే అది పోవడానికి దారి ఉండదు, గమ్ కిందే నిలిచిపోయి పట్టు వదిలిస్తుంది. మీ బండల అతుకుల దగ్గర తెల్లటి పొడి, ఉప్పు పూసినట్టు కనిపిస్తోందేమో చూడండి. ఉంటే తేమ పైకి వస్తోందనే అర్థం.

పరీక్ష సులువే. మందపాటి పాలిథిన్ షీటు రెండడుగుల చదరం కత్తిరించి, గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేయండి. కనీసం ఒక రోజంతా వదిలేసి తీయండి. షీటు లోపలి వైపు నీటి బొట్లు పట్టినా, కింద బండ రంగు నల్లబడినా తేమ ఉన్నట్టే. ఇది ఒక్క చోట చేసి సరిపెట్టుకోవద్దు. సింకు కింద, బాత్రూమ్ గోడ పక్కన, గది మధ్యలో విడివిడిగా చేయండి. మా ఇంట్లో మధ్యలో పొడిగానే ఉంది, సింకు గోడ దగ్గర మాత్రం షీటు చెమర్చింది. చూస్తే సింకు నుంచి వెళ్ళే పైపు కీలు దగ్గర సన్నగా కారుతోంది. దాన్ని బాగు చేయించి, గచ్చు బాగా ఆరేదాకా ఆగి, మళ్ళీ షీటు వేసి చూసుకున్నాకే పని మొదలుపెట్టాం.

ఇంకో మాట. ఈ పరీక్ష మే నెలలో చేస్తే ఎండకు నేలంతా పొడిగా ఉండి, ఏ సమస్యా లేదన్నట్టే ఉంటుంది. మనకు గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. 2021 నవంబర్‌లో పల్లపు ప్రాంతాలు ఎలా మునిగాయో ఇక్కడున్న వాళ్ళందరికీ గుర్తే. మీ వీధిలో అప్పుడు నీళ్ళు నిలిచి ఉంటే వానల తర్వాత పరీక్ష చేసి అప్పుడు నిర్ణయం తీసుకోండి. పనికి జనవరి, ఫిబ్రవరి అనువైన నెలలు. అప్పటికి వానలు తగ్గి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు.

షీటు కింద తేమ కనబడితే గమ్‌తో అంటించే వినైల్ ఆలోచన మానేయండి. ఖచ్చితంగా చెబుతున్నాను. అప్పుడు పాత బండల మీదే సిమెంటు కలిసిన టైల్ అడ్హెసివ్‌తో మామూలు విట్రిఫైడ్ టైల్స్ వేయించుకోవడం మేలు. వాటికి ఆ చెమ్మతో అంత ఇబ్బంది ఉండదు.

ఇక జిడ్డు. వంటింటి నేల మీద ఏళ్ళ తరబడి పోపు ఆవిరి, నూనె చుక్కలు పడి పలచటి పొర కట్టి ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే మెరుస్తుంది కానీ పోదు. మాకు తెలిసిన వాళ్ళింట్లో మామూలుగా తుడిచి స్టిక్కర్ టైల్స్ అంటించేశారు. ఎండాకాలం వచ్చేసరికి పొయ్యి గట్టు ముందున్న వరుస మూలలు లేచాయి. ఒక టైల్ ఎత్తి చూశాను. వెనకాల గమ్ మొత్తం పసుపు రంగు జిడ్డు పట్టి, పాత బండల అతుకులు గీసినట్టుగా నల్లటి మట్టి గీతలు పడి ఉన్నాయి. గమ్ బండకు కాకుండా జిడ్డుకు అంటుకుంది.

కాబట్టి గిన్నెలు తోమే లిక్విడ్ వేడినీళ్ళలో కలిపి గట్టి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ అదే పని చేయండి. నీళ్ళు పోస్తే బండ మీద ముత్యాల్లా గుండ్రంగా నిలవకుండా పలచగా పరుచుకోవాలి, అప్పుడు జిడ్డు వదిలినట్టు. మొజాయిక్‌కి మెరుపు కోసం మైనం పాలిష్ పట్టి ఉంటారు కనుక పాలిష్ మెషీన్‌తో గాని, గరుకు కాగితంతో గాని పైపొర గీరించండి. ఆ తర్వాత ప్రైమర్, అంటే పైన వేసేది బాగా పట్టడానికి ముందుగా పూసే పూత. పాత ఎర్ర గచ్చు ఉన్నవాళ్ళకూ ఇదే పద్ధతి.

బండల మధ్య అతుకులు, విరిగిన చోట్లు నింపకుండా వదిలేస్తే కొన్ని నెలలకు ఆ గీతలన్నీ వినైల్ పైన అచ్చు పడతాయి. మేస్త్రి దగ్గరుండే ఆరడుగుల అల్యూమినియం పట్టీ నేల మీద అన్ని వైపులా పెట్టి చూడండి. కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనబడే చోటల్లా సరిచేయాలి. ఇక్కడ చాలామంది గోడలకు వాడే పుట్టీ పూసేద్దాం అంటారు, ఒప్పుకోకండి. అది నడక బరువుకు పొడిపొడి అయిపోతుంది. నేలకు వాడే సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ (పోస్తే దానంతటదే సమంగా పరుచుకునే సిమెంటు మిశ్రమం) అడగండి, దాని సంచి మీద రాసి ఉన్నంత సేపు ఆరనివ్వండి.

రకాల విషయానికొస్తే, వెనక కాగితం పీకి అంటించే పలచటి స్టిక్కర్ టైల్స్ వంటింటికి నేను చెప్పను. అద్దె ఇంట్లో పూజ గదికో, అలమారా అరలకో బాగుంటాయి. విడిగా గమ్ పూసి అంటించే 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం వినైల్ మేం వేయించాం. ఇంకోటి ఎస్‌పీసీ. సున్నపురాయి పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన గట్టి పలకలు, ఒకదానికొకటి నొక్కి బిగిస్తారు, గమ్ ఉండదు. దానికి గోడ చుట్టూ 6 మిల్లీమీటర్ల సందు వదలాలి, మీద బిగింపు అలమారాలు కూర్చోబెట్టకూడదు. ఏది తీసుకున్నా నేల కొలతకు పది శాతం కలిపి కొనండి. మీది 8 బై 10 అడుగుల గది అనుకుంటే 80కి బదులు 88 చదరపు అడుగులు.

టైల్స్ తెచ్చిన వెంటనే అంటించకుండా 48 గంటలు అదే గదిలో పడుకోబెట్టి ఉంచండి. వేసేటప్పుడు గది మధ్య నుంచి సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టుకోవాలి. ముందు గమ్ లేకుండా ఒక వరుస పరిచి చూస్తే, గుమ్మం దగ్గర సన్నటి ముక్క వస్తుందో లేదో తెలిసిపోతుంది. వస్తే గీతను జరుపుకోవచ్చు. గమ్ పూయగానే పాలలా తెల్లగా ఉంటుంది. రంగు పోయి, వేలు పెడితే పట్టుకోవాలి కానీ వేలికి అంటకూడదు. అంతవరకూ ఆగాలి. పనివాళ్ళు ఇక్కడే తొందరపడతారు, పక్కనే నిలబడండి. ఘాటు వాసన వచ్చే రబ్బరు గమ్ తెస్తే దాని ఆవిరి నిప్పంటుకుంటుంది. సిలిండర్ బయట పెట్టించి, కిటికీలు తెరిచి, దీపం కూడా వెలిగించకుండా చూసుకోండి.

నీళ్ళు పోసి కడగడం గురించి అడిగారు కదా, ఆ అలవాటు మానుకోవాల్సిందే. బకెట్టు నీళ్ళు గుమ్మరించి చీపురుతో తూములోకి తోస్తే, కొంత నీరు అతుకుల్లోంచి కిందికి దిగుతుంది. పిండిన మాప్ చాలు. ఈ మార్పుకు ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే వినైల్ వేయించండి, లేదంటే ఆ డబ్బు వృథా.

వేడి గిన్నెల సంగతీ అంతే. మా అమ్మ సంగటి చేసేటప్పుడు కుండను పొయ్యి మీద నుంచి నేల మీదికి దించి, కట్టెతో గెలుకుతుంది. వినైల్ మీద ఆ కుండ పెడితే గుండ్రటి మచ్చ పడుతుంది, అది ఇక పోదు. అందుకని గట్టు పక్కన అడుగున్నర కడప బండ ముక్క కింద గుడ్డ వేసి పెట్టాం. అమ్మ అక్కడే కూర్చుని గెలుకుతుంది, ఇద్దరికీ టెన్షన్ లేదు. గ్యాస్ నిండిన సిలిండర్ 30 కిలోల దాకా బరువుంటుంది, దాని అంచు రాసుకుంటే వినైల్ చీరుకుపోతుంది. చక్రాల స్టాండు వాడండి, దొర్లించనివ్వకండి. అడుగున రబ్బరు ఉన్న మ్యాట్లు కూడా వేయకండి, వాటి కింద పసుపు మరకలు వస్తాయి.

గుమ్మం తలుపు కింద సందు ఎంతుందో పని మొదలుపెట్టక ముందే కొలుచుకోండి. కాంపౌండ్, గమ్, టైల్ అన్నీ కలిస్తే తలుపు రాసుకునే అవకాశం ఉంది. కార్పెంటర్‌ను ముందే పిలిచి కొంచెం చెక్కించుకుంటే అయిపోతుంది.

మిగిలిన టైల్స్ పారేయకుండా మంచం కింద పడుకోబెట్టి దాచుకోండి, గోడకు నిలబెడితే వంగిపోతాయి. అదే రంగు మళ్ళీ దొరకడం కష్టం. ఎప్పుడైనా ఒకటి పాడైతే హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే గమ్ మెత్తబడి లేస్తుంది. పాత గమ్ గీకి, దాచిన దాన్ని ఆ చోట అంటించుకోవచ్చు.