చెన్నై నుంచి విశాఖకు కారవాన్‌లో వెళ్లేవారు ముందుగా రాత్రి బండి నిలిపే చోటు చూసుకోవాలి

అద్దె కారవాన్‌లో, అంటే పడకలు, ఫ్రిజ్, మరుగుదొడ్డి ఉన్న పెద్ద బండిలో, చెన్నై నుంచి విశాఖకు రెండు రాత్రులు, మూడు పగళ్లలో వెళ్లాలనుకుంటున్నామని, వెంట వృద్ధులైన తల్లిదండ్రులూ ఇద్దరు పిల్లలూ ఉంటారని, వేసవి సెలవుల్లో బయలుదేరితే దారిలో ఏయే బీచ్‌ల దగ్గర ఆగవచ్చునని మీరు అడిగారు. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పొదిలి. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మీరు చెప్పినట్టే, దాదాపు అంతే మందిమి, ఇదే దారిలో రెండుసార్లు వెళ్లివచ్చాము. మొదటిసారి మేము కూడా బీచ్‌ల పేర్లే రాసుకున్నాము కనుక, మీ ప్రశ్న చదవగానే మీరు ఏ పొరపాటు చేయబోతున్నారో నాకు స్పష్టంగా కనిపించింది. పగలు ఎక్కడ ఆగాలన్నది దారిలో తేల్చుకోవచ్చు. రాత్రి పది గంటల నుంచి ఉదయం ఆరు వరకు బండి ఎక్కడ నిలుస్తుందన్నది మాత్రం ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.

2023 ఏప్రిల్ చివరి వారంలో మా ఆడపడుచు ఇంటి నుంచి, అంటే చెన్నై నుంచి, విశాఖలోని మా చెల్లెలి ఇంటికి బయలుదేరాము. మా వారు, నేను, ఇద్దరు పిల్లలు, మామయ్య, అత్తయ్య, వీరు కాక బండి నడిపే అబ్బాయి. మామయ్య మెట్ట సేద్యం చేసినవారు. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఆయన కోరిన కోరిక ఒక్కటే: మంచం మీద కళ్లు తెరవగానే సముద్రంలో నుంచి పొద్దు పొడవడం కనిపించాలి. బండి అద్దెకిచ్చిన వారి ప్రకటన బొమ్మలో అచ్చం అలాగే, ఇసుక మీద కారవాన్ నిలబెట్టి, తలుపు తెరిస్తే అలలు కనిపించేలా ఉంది. ఏసీ రాత్రంతా నడుస్తుందని కూడా వారు చెప్పారు. బయటి నుంచి కరెంటు తగిలిస్తేనే నడుస్తుందన్న మాట చెప్పలేదు, మేమూ అడగలేదు. లెక్కలు తెలిసిన నేను అడగకపోవడం నాకు ఈనాటికీ బాధగానే ఉంది. టన్ను ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ కరెంటు వాడుతుంది. 12 వోల్టుల, 200 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండుగా ఉంటే అందులో ఉండేది 12ను 200తో గుణిస్తే వచ్చే 2,400 వాట్-అవర్లు, అంటే 2.4 యూనిట్లు. అంటే రెండు గంటలు దాటితే గొప్ప. ఈ చిన్న గుణకారం తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలరు. బండి అద్దెకిచ్చేవారు దాన్ని కాగితం మీద రాసి ఇవ్వడం కనీస ధర్మమని నా అభిప్రాయం.

కాగితాల పని ముగిసి చెన్నై దాటేసరికి పదకొండు గంటలైంది. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, అన్నీ మండుటెండలోనే దాటాము. నెల్లూరులో భోజనం చేసి, సాయంత్రం ఆరు కావస్తుండగా సింగరాయకొండ దగ్గర జాతీయ రహదారి దిగి, పాకల సముద్రతీరానికి చేరుకున్నాము. గాలి చల్లగా వీస్తోంది. పిల్లలు నీళ్లలోకి పరుగెత్తారు. డ్రైవరు వద్దంటున్నా, మామయ్య కిటికీకి సముద్రం ఎదురుగా ఉండాలని మేమే పట్టుబట్టి బండిని మట్టిబాట మీద నుంచి ఇసుక అంచుకు దింపించాము.

రాత్రి తొమ్మిదిన్నరకు ఏసీ ఆగింది, ఆ వెనుకే ఫ్రిజ్ ఆగింది. ఆ బండి కిటికీ అద్దాలు బిగించినవి. పైకప్పులో ఉన్న చిన్న గవాక్షం ఒక్కటే తెరుచుకుంటుంది. పగలంతా కాగిన రేకు లోపలికి వేడిని వదులుతూనే ఉంది. తలుపు తెరిస్తే దోమలు, మూస్తే ఉక్క. మామయ్య ఇన్సులిన్ ఆ ఫ్రిజ్‌లోనే ఉంది. ఒంగోలు వెళ్లిపోదామని డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి బండిని కదిలించబోతే, వెనుక చక్రాలు తిరిగిన కొద్దీ ఇసుకను తవ్వుకుంటూ లోపలికి దిగిపోయాయి. బండి ఒక పక్కకు ఒరిగింది. అత్తయ్యను, పిల్లలను కిందికి దించి, దుప్పటి పరచి కూర్చోబెట్టాము. మామయ్య మాత్రం దిగనన్నారు. తన కోరిక వల్లనే ఇదంతా జరిగిందని ఆయన ముఖంలో కనిపిస్తుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు.

పదకొండు గంటల వేళ టార్చిలైటు వేసుకుని మోటారుసైకిల్ మీద ఒక రైతు వచ్చాడు. ఆ చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఉన్నాయి. రాత్రిపూట నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ పడిపోతుంది. అందుకే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి, వాటిని కనిపెట్టుకుని మనిషి మేలుకుని ఉండాలి. మా అదృష్టం కొద్దీ ఆ ఊరిలో ఆ వేళ మేలుకున్న మనిషి ఆయనే.

“ఏందమ్మా, ఇంత బండిని ఇసకలో దింపారు? పెద్దాయన్ని ముందు కిందికి దించండి. మా చెరువు కాడ లైనుంది, షెడ్డుంది, ఆడికి పోదాం,” అన్నాడు.

ఆయన ఫోన్ చేస్తే అరగంటలో ట్రాక్టర్ వచ్చింది, దాని వెంట నలుగురు మనుషులు వచ్చారు. చక్రాలలో గాలి కొంత తీశారు. చక్రాల ముందు ఇసుకను పారతో చదును చేసి, తాటిమట్టలు వరుసగా పరిచారు. మోకు కట్టి లాగితే మూడోసారికి బండి పైకి వచ్చింది. చెరువు గట్టు పక్కన గట్టినేల మీద బండి నిలిపి, షెడ్డులోని పెద్ద ప్లగ్గుకు మా తీగ తగిలించాము. ఏసీ మొదలైన పది నిమిషాలకు మావారు తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. ఎర్తింగ్ సరిగా లేక బండి ఒంటికి కరెంటు వస్తోంది. ఆ రైతే మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసి, మరో ప్లగ్గు పాయింటుకు మార్చాడు. అప్పటికి ఒంటిగంట దాటింది. ఏరియేటర్ల హోరులో పిల్లలు నిద్రపోయారు, మామయ్య మాత్రం తెల్లవారేదాకా కూర్చునే ఉన్నారు. ఉదయం ట్రాక్టర్ డీజిల్‌కు మాత్రం డబ్బు తీసుకున్నారు. కరెంటుకు ఇవ్వబోతే, “ఉండనీ అమ్మా, మా నాయన వయసు ఆయన,” అని ఆ రైతు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

అక్కడే మరొక పొరపాటు చేశాము. పొద్దున స్నానాలకు ట్యాంకులో నీళ్లు అయిపోతే, చెరువు దగ్గరి బోరు నీళ్లు పట్టాము. తీరం వెంట చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన అని మెట్ట ప్రాంతం వాళ్లమైన మాకు తట్టలేదు. సబ్బు నురగ రాలేదు, టీ నోట పెట్టలేకపోయాము, ఆ ట్యాంకును ఖాళీ చేసి కడిగేదాకా ఒంగోలు దాటినా ఉప్పు రుచి వదలలేదు. మా బండి ట్యాంకు వంద లీటర్లు. ఆరుగురు మనుషులు తలా ఒక బకెట్ పోసుకుంటే ఒక్క పూటకే సరి. కాబట్టి తాగే నీరు క్యాన్లలో వేరుగా ఉంచుకోండి. ట్యాంకు నింపే ముందు నీటిని నోట్లో వేసుకుని చూడండి.

ఇక మీ ప్రణాళిక సంగతి. చెన్నై నుంచి విశాఖకు 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 800 కిలోమీటర్లు. కారు అయితే ఒక పగటిలో వెళ్లిపోతుంది. కారవాన్ పొడవైనది, ఎత్తయినది. లోపల గిన్నెలు, నీళ్లు, మనుషులు ఉంటారు. దాన్ని గంటకు అరవై దాటించి నడపకూడదని నేను గట్టిగా చెబుతాను. రోజుకు సగటున 200 కిలోమీటర్లు చాలు. కాబట్టి మీకు కావలసింది మూడు రాత్రులు, నాలుగు పగళ్లు. మొదటి రోజు చెన్నై నుంచి నెల్లూరు, 175 కిలోమీటర్లు. రెండో రోజు ఒంగోలు మీదుగా చీరాల. మూడో రోజు విజయవాడ దాటి రాజమహేంద్రవరం, నాలుగో రోజు విశాఖ. ఉదయం ఐదింటికి బయలుదేరి, పదకొండుకు నీడన ఆగి, మళ్లీ నాలుగు తరువాత కదలండి. ఒంగోలు నుంచి కత్తిపూడి వరకు తీరం వెంట వెళ్లే 216వ నంబరు రహదారి మీద ఆశ పడవద్దు. చీరాల వరకు దాని మీద వెళ్లి, అక్కడి నుంచి పెద్ద రహదారికి వచ్చేయడం మంచిది. సముద్రం వైపు తిరిగేటప్పుడు రైల్వే కింది వంతెనల ఎత్తు, ఊళ్లలో వేలాడే తీగల ఎత్తు చూసుకోవాలి. బండి ఎత్తును పెద్ద అంకెలతో రాసి డ్రైవరు ముందు అంటించండి.

నెలను కూడా మార్చుకోమని నా మనవి. మా జిల్లాలలో ఏప్రిల్, మే నెలల ఎండ ఎలా ఉంటుందో ఇక్కడ పుట్టినవారికి చెప్పనక్కరలేదు. రోహిణి కార్తెలో ఆ రేకు పెట్టెలో వృద్ధులను కూర్చోబెట్టడం నేను ఒప్పుకోలేను. అలాగని అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కూడా వద్దు. నెల్లూరు ప్రాంతానికి ఎక్కువ వర్షం ఆ నెలలలోనే, ఈశాన్య ఋతుపవనాలతోనూ వాయుగుండాలతోనూ వస్తుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర ఈ రహదారే కోతకు గురై రాకపోకలు ఆగిపోయాయి. మిగిలింది సంక్రాంతి రద్దీ తగ్గిన తరువాతి జనవరి, ఫిబ్రవరి మొదటి సగం. పిల్లల బడి మూడు రోజులు పోతుందని వెనుకాడవద్దు; ఉపాధ్యాయురాలిగానే ఈ మాట చెబుతున్నాను. ఆ రోజులలో పులికాట్ సరస్సులో రాజహంసలు, నేలపట్టు పక్షుల అభయారణ్యంలో చెట్ల నిండా గూళ్లు కట్టుకున్న గూడబాతులు (పెలికాన్‌లు) కనిపిస్తాయి. అద్దంకి దగ్గర కొరిశపాడు వద్ద రహదారినే విమానాలు దిగే రన్‌వేగా కట్టారు. 2022 డిసెంబరులో వాయుసేన విమానాలు అక్కడ పరీక్షగా కిందికి వచ్చి వెళ్లాయి. చీరాల దారికి అది కొంచెం పక్కకు ఉన్నా, మా అబ్బాయి పట్టుబట్టి అటు తిప్పించాడు.

ఇప్పుడు అసలు మాట. రాత్రి బస కోసం మన ప్రాంతంలో కల్యాణ మండపాన్ని మించినది లేదు. విదేశాలలో కారవాన్ల కోసం ప్రత్యేకంగా కట్టే స్థలాలలో ఏమేమి ఉంటాయో అవన్నీ మండపంలో ముందే ఉన్నాయి: ప్రహరీ గోడ, గట్టి చదునైన నేల, వంటశాలకు వేసిన పెద్ద ప్లగ్గులు, జనరేటరు, మంచినీళ్లు, వరుసగా స్నానాల గదులు, సెప్టిక్ ట్యాంకు, రాత్రి కాపలా మనిషి. మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలలో చిన్న పట్టణాల శివార్లలో కూడా ఇవి ఉన్నాయి. పెళ్లిళ్లు లేని రోజున అవి ఖాళీగా పడి ఉంటాయి. పుష్యమాసంలో ముహూర్తాలు ఉండవు. సంక్రాంతి తరువాతి రోజులు చాలాసార్లు పుష్యంలోనే పడతాయి. పంచాంగం చూసి ముందుగా ఫోన్ చేస్తే, హోటల్ గది అద్దె కన్నా తక్కువకే ఆవరణ ఇస్తారు. మీరు అడగవలసినవి కూడా చెబుతాను: 15 ఆంపియర్ల ప్లగ్గు ఉందా, ఎర్తింగ్ ఉందా, నీళ్లు తీపివా, గేటు ఎత్తు ఎంత, మరుగుదొడ్డి ట్యాంకును వారి సెప్టిక్ ట్యాంకులోకి వదలనిస్తారా. ఈ చివరి ప్రశ్నకు సిగ్గుపడవద్దు. ఆ ట్యాంకును కాలువలోనో సముద్రపు ఒడ్డునో వదిలివెళ్లినవారి గురించి విన్నాను. ఆ ఒడ్డున వలలు ఆరేసుకుని, చేపలు ఎండబెట్టుకుని బతికేవారున్నారు, అది క్షమించరానిది.

బండికి కరెంటు తగిలించే తీగ మీ సొంతది తీసుకువెళ్లండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల కన్నా సన్ననిది పనికిరాదు, చుట్టగా ఉంచి వాడితే వేడెక్కి పైతొడుగు కరిగిపోవచ్చు కాబట్టి పూర్తిగా విప్పి పరచాలి. డ్రైవరు పడుకునే చోటు గురించి కూడా ముందే మాట్లాడుకోండి. అద్దె కాగితంలో ఆరుగురి పడకల లెక్క ఉంటుంది, బండి నడిపే మనిషి పడక ఎక్కడా ఉండదు. మా మొదటి ప్రయాణంలో ఆ అబ్బాయి స్టీరింగ్ మీద తల వాల్చి రెండు గంటలు కునుకు తీసి, మరునాడు మా ఆరుగురి ప్రాణాలు చేత పట్టుకుని విజయవాడ దాకా నడిపాడు. మేము దాన్ని గమనించింది మధ్యాహ్నం, అతని కళ్లు ఎర్రబడి ఉండడం చూశాక.

2025 జనవరిలో, సంక్రాంతి అయిన వారానికి, రెండోసారి బయలుదేరాము. మామయ్య మొదట రానన్నారు, పిల్లలు బతిమాలితే కదిలారు. రెండో రాత్రి చీరాల శివారులో ఒక మండపం ఆవరణలో బండి నిలిపాము. కాపలా మనిషి భార్య పొయ్యి మీద వేడినీళ్లు కాచి ఇచ్చింది. డ్రైవరుకు వధువు గదిలో పరుపు వేశారు. తెల్లవారుజామున ఐదింటికి బండిని చీరాల దగ్గరి సముద్రతీరమైన వాడరేవుకు, తారు రోడ్డు చివరిదాకా మాత్రమే, తీసుకువెళ్లాము. మామయ్య తన మంచం మీదనే, దుప్పటి కప్పుకుని, దిండుకు ఆనుకుని కూర్చున్నారు. కిటికీలో నుంచి పొద్దు పొడవడం పూర్తిగా చూసి, “ఇక టీ పెట్టమ్మా,” అన్నారు.