సింప్సన్స్ హాలోవీన్ ఎపిసోడ్‌లలో జరిగేవి అసలు కథలోకి వస్తాయా?

రావు. అమెరికన్ కార్టూన్ సిరీస్ 'ద సింప్సన్స్'లో ఏటా హాలోవీన్‌కి వచ్చే 'ట్రీహౌస్ ఆఫ్ హారర్' ఎపిసోడ్‌లలో ఏం జరిగినా అది అక్కడితో సరి, మిగతా సిరీస్‌లో లెక్కలోకి రాదు.

1990లో మొదలైన ఈ ఎపిసోడ్‌లలో మామూలుగా ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు చిన్న భయం కథలుంటాయి. తర్వాతి వారానికి కథ అతకాలన్న టెన్షన్ రచయితలకు ఉండదు కాబట్టి ఎవరినైనా చంపొచ్చు, ఎవరినైనా దెయ్యంగా మార్చొచ్చు.

1993లో వచ్చిన కథే చూడండి. డోనట్ ఇస్తే ఆత్మనైనా అమ్మేస్తానని సింప్సన్ కుటుంబ పెద్ద హోమర్ అనగానే సైతాను ప్రత్యక్షమవుతాడు. ఆ సైతాను ఎవరో కాదు, హోమర్‌కి చూస్తేనే ఒళ్లు మండే పక్కింటాయన, పరమ భక్తుడు ఫ్లాండర్స్! ఇరుగుపొరుగు పోరుని ఇంత బాగా తిరగేసిన కథ ఈ వరుసలో ఇంకోటి లేదనిపిస్తుంది. ఆ ఆత్మ ఎవరిదో తేల్చే విచారణలో హోమర్ భార్య మార్జ్ పెళ్లి ఫొటో బయటికి తీస్తుంది. తన ఆత్మ ఆమెదేనని హోమర్ దాని వెనక ఎప్పుడో రాసిచ్చాడు. కేసు ఓడిన సైతాను కోపంతో హోమర్ తలని డోనట్‌ చేసేస్తాడు. తర్వాతి ఎపిసోడ్‌కి తల మామూలే, ఫ్లాండర్స్ మళ్లీ ఆ భక్తుడే.

అలాగని హాలోవీన్ కనిపించే ప్రతి ఎపిసోడూ ఇంతే అనుకోవడం పొరపాటు. 2015 నాటి 'హాలోవీన్ ఆఫ్ హారర్' పేరు దగ్గరగా ఉన్నా అసలు కథలో భాగమే. అందులో మాయలూ మంత్రాలూ లేవు. హోమర్ కూతురు లీసా మామూలు పిల్లలాగే భయపడుతుంది, హోమర్ తండ్రిగా తోడుంటాడు.