కానా విందు పేరు చెప్పి క్వార్టర్ తాగొచ్చా?

"యేసయ్యే కానా పెళ్ళిలో నీళ్ళను ద్రాక్షారసం చేశాడు కదండీ, విశ్వాసి మితంగా తాగితే తప్పేంటి?" అని అడిగారు. బైబిలు తాగడాన్ని పూర్తిగా నిషేధించిందని నేను అనను. కడుపు జబ్బుకు కొంచెం పుచ్చుకోమని తిమోతికి రాసిన పౌలే, మత్తులో పడొద్దని ఎఫెసీయులకు రాశాడు. కానీ ఈ వాదన పెట్టేవాళ్ళెవరూ సీసా మీద అంకెలు చూడరు.

ఆనాటి ద్రాక్షారసం పులిసిందే. అయితే ఆల్కహాల్ శాతం పదిహేను దగ్గరికి వచ్చేసరికి పులియబెట్టే ఈస్టే చాలావరకు చచ్చిపోతుంది, కాబట్టి ఘాటు అంతకు మించదు. పైగా గ్రీకు, రోమా విందుల్లో రెండు మూడు వంతుల నీళ్ళు కలుపుకుని తాగేవారు. బట్టీ పెట్టి దించే సరుకు ఆ బల్లల మీద లేదు. మన షాపులో క్వార్టర్ అంటే 180 మి.లీ., 42.8 శాతం. అందులో అసలు ఆల్కహాల్ 60 గ్రాములు. కాలేయం గంటకు కరిగించేది 7 నుంచి 10 గ్రాములే. రాత్రి తొమ్మిదికి తాగింది తెల్లవారుజాము దాకా ఒంట్లోనే ఉంటుంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా 40 గ్రాములు. చెట్టు దించగానే తియ్యగా ఉన్న తాటికల్లు కూడా, కుండకు సున్నం రాయకపోతే సాయంత్రానికి ఆ బీరు దారే పడుతుంది. ఇందులో మితం ఎక్కడుందో చూపించండి.

అంతకన్నా ముఖ్యమైనది మానేసేవాడి సంగతి. మన గోదావరి డెల్టా క్రైస్తవ సంఘాల్లో దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఆదివారం లేచి సాక్ష్యం చెబుతాడు. అందరూ స్తోత్రాలు చెప్పి మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడతారు. సోమవారం పొద్దుటికి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. ఆ రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. మంగళవారం రాత్రికో బుధవారానికో ఒళ్ళు కాలిపోతుంది, గోడ మీద పురుగులు కనబడతాయి, ఇంటివాళ్ళను గుర్తుపట్టడు. దయ్యం పట్టిందని చుట్టూ చేరి గద్దిస్తారు. అది దయ్యం కాదండీ! మద్యం ఇన్నేళ్ళూ అణిచిపెట్టిన మెదడు, ఆ బరువు ఒక్కసారిగా తీసేసరికి అదుపు తప్పింది. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

ప్రార్థన మానక్కర్లేదు, ఉపవాసం మాత్రం వద్దు. రోజూ తాగేవాడు మానాలనుకుంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కాకినాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14446కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. వణుకు, ఫిట్స్ రాకుండా వారం పాటు తగ్గించుకుంటూ మాత్రలు ఇస్తారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ సీసా తగిలించబోతే, ముందు థయమిన్, అంటే బి1 ఇంజెక్షన్, చేయించమని అడగండి. తిండి లేక బి1 తరిగిపోయిన ఒంట్లోకి ఉత్త గ్లూకోజ్ ఎక్కితే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. కూరలో తెలియకుండా కలిపి పెట్టమని అమ్మే పొడులు కొనొద్దు. అందులో డైసల్ఫిరామ్, అంటే మద్యం ఒంటికి పడకుండా చేసే మందు, ఉంటే, ఆ మనిషి దాని మీద తాగితే గుండెకే ముప్పు.

డాక్టరు చెప్పి ఆ డైసల్ఫిరామ్ మాత్ర వాడుతున్నవాడికి ప్రభువు బల్ల దగ్గర, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునేచోట, కూడా చిక్కే. కొద్దిపాటి ఆల్కహాల్‌కే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి వాంతులవుతాయి. కథోలిక గుడిలో అప్పం ఒక్కటి తీసుకున్నా సంపూర్ణ సత్ప్రసాదమే, గిన్నె వదిలేయొచ్చు. బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరల కాలం నుంచీ నరసాపురం, పాలకొల్లు వైపు వేళ్ళూనిన బ్రదరన్ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, అంటే ఆ గిన్నె వారం వారం ఎదురొస్తుంది. "మాది ఉత్త ద్రాక్షపండ్ల రసమే" అంటారు. శనివారం పొద్దున్న పండ్లు పిండి, కాచకుండా బయట పెట్టిన రసం, మే నెల ఎండల్లో ఆదివారానికి పులవడం మొదలవుతుంది.

రసం పులవకుండా ఉండటానికి 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే ఆయన చేసిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. నల్లద్రాక్ష కడిగి, నలిపి, వడగట్టి, రసాన్ని తెర్లనివ్వకుండా 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచండి. మరిగించి ఆరబెట్టిన సీసాలో వేడి మీదే అంచుదాకా పోసి మూత బిగించండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, మూత తీసినరోజే వాడేయండి. తీసేటప్పుడు బుస్సుమన్నా, నురగ కట్టినా పారబోసి వేరేది చేయండి.