అద్దె సాయానికి అప్లై చేయబోయే అబ్బాయికి

ప్లేనో, టెక్సాస్
2021 ఏప్రిల్ 18

చిరంజీవి అబ్బాయికి, బాబాయి ఆశీస్సులు.

మొన్న కోడలు పిల్ల మీ పిన్నితో అంటే తప్ప నాకు తెలియలేదు, మీరు రెండు నెలల అద్దె బాకీ పడ్డారని. నువ్వేమో వ్యాక్సిన్ అపాయింట్‌మెంట్ సంగతి మాట్లాడి ఫోన్ పెట్టేశావు. తిట్టడానికి రాయడం లేదులే. 2001లో నా ఉద్యోగం పోయినప్పుడు నేనూ ఇదే పని చేశాను. లీజింగ్ ఆఫీసు వాళ్ళ కంట పడకుండా వెనక గేటు నుంచి తిరిగేవాణ్ణి. తలుపుకి అంటించిన నోటీసులు చదవకుండానే డ్రాయర్లో పడేసేవాణ్ణి. చివరికి మీ పిన్నినీ నాలుగు సూట్‌కేసుల్నీ కారులో వేసుకుని ఒక స్నేహితుడింటికి చేరాం. ఆ బాకీ కలెక్షన్ వాళ్ళ చేతికి పోయి, ఏడేళ్ళు నా క్రెడిట్ రిపోర్టులో కూర్చుంది. మొహమాటం ఖరీదు అంత.

అప్పుడు అడగడానికి ఇలాంటి స్కీములేమీ నా ఎరుకలో లేవు. ఇప్పుడు కరోనా వల్ల ఉన్నాయి. పోయిన డిసెంబరులో ఒకసారి 2,500 కోట్ల డాలర్లు, మొన్న మార్చిలో ఇంకో 2,155 కోట్ల డాలర్లు అద్దె సాయం కోసమే అమెరికా కాంగ్రెస్ ఇచ్చింది. ఆ డబ్బు వాషింగ్టన్ నుంచి నేరుగా నీకు రాదు. రాష్ట్రాలకీ, 2 లక్షల జనాభా దాటిన కౌంటీలకీ సిటీలకీ వెళ్ళింది. ఎవరి ఫారం వాళ్ళది, ఎవరి రూల్స్ వాళ్ళవి. అందుకని ముందు నీ అడ్రసు ఎవరి కిందికి వస్తుందో చూసుకో. సిటీదో కౌంటీదో ప్రోగ్రామ్ ఉంటే అది, లేకపోతే రాష్ట్రం నడిపే టెక్సాస్ రెంట్ రిలీఫ్. (పాపం అది మొదలైంది ఫిబ్రవరి 15న, మనమందరం మంచు తుఫానులో కరెంటు లేక దుప్పట్లు కప్పుకుని కూర్చున్న వారంలో.) అర్థం కాకపోతే 211 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, చెబుతారు. ఒకే నెల అద్దెకి రెండు చోట్లా డబ్బు తీసుకోకూడదు, అది గుర్తుంచుకో.

నీకు అర్హత ఉందనే నా నమ్మకం. కుటుంబం సైజుని బట్టి ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటకూడదు. 50 శాతం లోపు ఉన్నవాళ్ళకీ, 90 రోజులుగా ఉద్యోగం లేనివాళ్ళకీ ముందు చూడాలని చట్టంలోనే ఉంది. కోడలు పనిచేసే డే కేర్ మూతపడి నాలుగు నెలలైంది కదా, ఆ మాట ఫారంలో తప్పకుండా రాయి. ఆదాయానికి 2020 మొత్తం చూడొచ్చు, లేదా ఇప్పటి నెలసరి ఆదాయం చూడొచ్చు. నీకు హోటల్లో గంటలు తగ్గించింది ఈమధ్యే కాబట్టి, నెలసరి లెక్క చూడమని అడుగు. 2020 మార్చి 13 నుంచి పేరుకున్న బాకీకీ ఇస్తారు, రాబోయే నెలలకీ ఇస్తారు, కరెంటు బిల్లుకీ ఇస్తారు. ఇది అప్పు కాదు. నీ ఆదాయంగా లెక్కేసి పన్నూ అడగరు.

ఇక కాగితాలు. పోయిన నెల నుంచి శనివారాలు మా వీధిలో వాళ్ళకి ఫారాలు నింపిపెడుతున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. ఆగిపోయిన దరఖాస్తుల్లో ఎక్కువ భాగం డబ్బు లేక ఆగినవి కావు, పేర్లు కలవక ఆగినవి. ఒకాయన పాస్‌పోర్టులో ఇంటిపేరూ సొంతపేరూ కలిపి ఒకే గడిలో ఉన్నాయి, అందుకని అమెరికా వీసాలో సొంతపేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (సొంతపేరు తెలియదు) అని పడింది. లీజులో ఇంటిపేరు వెనక్కి పోయింది, పే స్టబ్‌లో (జీతం స్లిప్పులో) ఉత్త ఇనీషియల్ మిగిలింది. ముగ్గురూ ఒకరేనని ఆఫీసులో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? రెండు లైన్ల వివరణ రాసి సంతకం పెట్టించి అప్‌లోడ్ చేశాక ఫైలు కదిలింది. నీదీ అలాంటి పేరే. లీజు మొత్తం పంపు, సంతకాల పేజీ ఒక్కటే కాదు. మంచం మీద పెట్టి నీడ పడేలా ఫొటోలు తీయకు, ఫోన్లో స్కాన్ చెయ్యి.

మీ పక్క అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు లీజు ఒకరి పేరు మీద ఉంటే తమకి రాదేమో అంటున్నారట. లీజు లేకపోయినా అక్కడే ఉంటున్నట్టు ఒక బిల్లూ, అద్దె కడుతున్నట్టు బ్యాంకు స్టేట్‌మెంటూ చూపించొచ్చని ట్రెజరీ (కేంద్ర ఆర్థిక శాఖ) వాళ్ళు రాశారు. చిక్కేమిటంటే, వీళ్ళు జెల్‌లో (ఫోన్లో డబ్బు పంపే యాప్) అద్దె పంపుతూ మెమోలో 'బిర్యానీ' అని రాస్తారు! ఇకనుంచి 'మే నెల అద్దె' అని రాయమను. వీసా సంగతికొస్తే, కేంద్ర చట్టంలో ఇమిగ్రేషన్ షరతు లేదు, కానీ లోకల్ ప్రోగ్రామ్ ఏమంటుందో చదువుకోవాలి. అనుమానముంటే తమ అటార్నీని అడిగి సంతకం పెట్టమను. ఫారంలో ఒక్క అబద్ధం కూడా వద్దు. అది ప్రమాణం చేసి పెట్టే సంతకం.

ల్యాండ్‌లార్డ్‌తో ఇవాళే మాట్లాడు. మాట్లాడాక అదే విషయం మెయిల్లో పెట్టు, ఎందుకంటే ఫోన్లో అన్నమాటకి సాక్ష్యం ఉండదు. వాళ్ళు వాళ్ళ వైపు ఫారం నింపాలి, డబ్బు మామూలుగా వాళ్ళకే వెళుతుంది. వాళ్ళు ఒప్పుకోకపోయినా, ప్రోగ్రామ్ వాళ్ళు ఉత్తరం రాసి 14 రోజులు చూశాక నీకే ఇవ్వడానికి వీలుంది. ఈలోపు నీకు వీలైనంత కడుతూ ఉండు. సగమైనా సరే, రసీదు తీసుకో.

సీడీసీ డిక్లరేషన్ (అద్దె కట్టలేకపోతున్నామని సంతకం చేసి ఇస్తే ఖాళీ చేయించకూడదని కేంద్ర ఆరోగ్య సంస్థ చెప్పిన కాగితం) ఉందిగా, జూన్ 30 దాకా ఎవరూ కదిలించలేరు అన్నావట కోడలితో. ఆ కాగితం ఉండటం మంచిదే, ఇద్దరూ సంతకాలు పెట్టి ఇవ్వండి. కానీ అది అద్దె మాఫీ చెయ్యదు. పైగా ఇక్కడ దాన్ని అమలు చేయమని కింది కోర్టులకి టెక్సాస్ సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు మార్చి 31తో అయిపోయింది. జడ్జిని బట్టి ఉంటుంది ఇప్పుడు. తలుపు మీద మూడు రోజుల్లో ఖాళీ చెయ్యమని నోటీసు కనిపిస్తే, అదే రోజు నాకు ఫొటో పంపు. సమన్లు వస్తే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకి (ఇల్లు ఖాళీ చేయించే కేసులు చూసే చిన్న కోర్టు) వెళ్ళి తీరాలి. వెళ్ళకపోతే అవతలివాళ్ళు గెలిచినట్టే. అక్కడ ఎవిక్షన్ డైవర్షన్ కావాలని అడుగు. ఇద్దరూ ఒప్పుకుంటే అద్దె సాయం వచ్చేలోగా కేసు 60 రోజులు ఆపుతారు.

వాట్సాప్ గ్రూపులో ఎవరో 150 డాలర్లిస్తే ఫారం నింపి పెడతామంటున్నారట. దరఖాస్తుకి పైసా ఖర్చు లేదు. నీ బ్యాంకు వివరాలు వాళ్ళ చేతిలో పెట్టకు.

శనివారం పొద్దున పదింటికి వీడియో కాల్ చేస్తాను. లీజు, మీ ఇద్దరి ఐడీలు, చివరి రెండు నెలల పే స్టబ్‌లు, కోడలి డే కేర్ వాళ్ళు పంపిన లెటర్, కరెంటు బిల్లు ఒకే ఫోల్డర్లో పెట్టుకుని కూర్చో. డ్రాయర్లో ఏమైనా కవర్లు విప్పకుండా ఉంటే అవి కూడా పక్కన పెట్టుకో, కలిసి విప్పుదాం.

మీ బాబాయి