ముట్టు ఆగితే గర్భం రాదా? పాఠకుల ప్రశ్నలకు డాక్టర్ జవాబులు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఐదు నెలల నుంచి ముట్టు రాలేదు. అంతకుముందు కూడా ఒక నెల వస్తే రెండు నెలలు రాకపోయేది. ఒక్కసారిగా ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి జాకెట్ తడిసిపోతోంది, రాత్రి నిద్ర ఉండట్లేదు. ఇంకా నిరోధ్ ఎందుకు, నీకు ముట్లు ఆగిపోయినయి కదా అంటాడు మా ఆయన. మాకిద్దరికీ ఏ ఆపరేషన్ కాలేదు. బిడ్డ పెళ్లికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు నాకు కడుపైతే ఊళ్లో తలెత్తుకుని తిరగగలనా? (పరకాల)

జవాబు: మీ భయంలో అర్థం ఉంది, మీ ఆయన లెక్కే తప్పు. ముందు మెడికల్ షాపులో కిట్ తెచ్చుకుని పొద్దున్నే మూత్రంతో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. వయసైపోయింది కదా, అందుకే రావట్లేదులే అనుకుని ఊరుకుని, నాలుగైదు నెలల తర్వాత పొట్ట గట్టిగా తగులుతోందని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ఆగిపోయినట్టు. పదకొండో నెలలో ఒక్కసారి కనిపించినా లెక్క మళ్లీ ఒకటో నెల నుంచే. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్లకు జరుగుతుంది, కానీ దానికి ముందు కొన్నేళ్లు అండాశయాలు ఒక నెల పనిచేసి ఒక నెల మానేస్తూ ఉంటాయి, ఏ నెలలో అండం విడుదలవుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఒక్కసారి ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్) రక్తపరీక్ష చేయించుకుని, రిపోర్టులో ఎక్కువగా ఉంది కాబట్టి ఇక గర్భం రాదు అనుకోవద్దు, ఆ అంకె వారం వారం మారుతుంది. 50 లోపు వాళ్లకు చివరి ముట్టు తర్వాత రెండేళ్లు, 50 దాటినవాళ్లకు ఒక ఏడాది జాగ్రత్త తప్పదు. నిరోధ్ వాడండి, లేదా కాపర్-టీ వేయించుకోండి, 40 దాటాక వేసిన కాపర్-టీని ముట్లు పూర్తిగా ఆగేదాకా ఉంచుకోవచ్చు.

ఒకవేళ టెస్ట్ పాజిటివ్ వచ్చి వద్దనుకుంటే, 20 వారాల లోపు ఒక డాక్టర్ అభిప్రాయంతో గర్భం తీయించుకునే వీలు చట్టంలో ఉంది, మీ సంతకం చాలు, భర్త సంతకం అక్కర్లేదు. ఉంచుకుందాం అనుకుంటే మాత్రం ఈ వయసులో బీపీ, షుగర్, గర్భస్రావం ముప్పు ఎక్కువ, మొదటి నెల నుంచే చూపించుకోవాలి.

ఇక ఆవిర్లు. ఈస్ట్రోజన్ తగ్గేసరికి ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగం చిన్న మార్పుకే ఉలిక్కిపడుతుంది, అంతే. థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి, అది ఎక్కువైనా ఇలాంటి చెమటలే పడతాయి. భరించలేకపోతే హార్మోన్ మందులు ఉన్నాయి. 60 లోపు మొదలుపెడితే చాలామందికి నష్టం కన్నా లాభమే ఎక్కువ, అయితే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లకు ఇవ్వరు. ఒక్క మాట, ఈ హార్మోన్ మాత్రలు గర్భం రాకుండా ఆపవు.

ప్రశ్న: నాకు 38. బీడీలు చేస్తా. తెల్లబట్ట అవుతోంది, ముట్టు వస్తే ఎనిమిది తొమ్మిది రోజులు పోతోంది. ఇద్దరు పిల్లలున్నరు కదా, గర్భసంచి తీయించుకో, లేకుంటే క్యాన్సర్ అయితదని మా ఊరి ఆర్ఎంపీ అంటున్నడు. తెలిసిన హాస్పిటల్ ఉందట, తనే తీసుకుపోతడట. (జగిత్యాల దగ్గర)

జవాబు: వెళ్లొద్దు చెల్లీ. తెల్లబట్టకు మందులున్నాయి, దానికి గర్భసంచి తీసే డాక్టర్ దగ్గరికి అసలే వెళ్లొద్దు. ఈ ఆపరేషన్లలో మన తెలంగాణ, పక్కన ఆంధ్ర దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి, చిన్న వయసులోనే, ఇలాగే భయపెట్టి. ఆ ఆర్ఎంపీకి ఎంత ముడుతుందో మీరే ఊహించుకోండి. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే మర్నాటి నుంచే మీకు ముట్లుడిగిన ఒళ్లు వచ్చేస్తుంది. అండాశయాలు ఉంచినా కొంతమందికి ఆ దశ కాస్త ముందే వస్తుంది. 38కే ఈస్ట్రోజన్ పోతే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు కూడా అంత ముందే మొదలవుతాయి, అప్పుడు తైదంబలి, క్యాల్షియం మాత్రలతో సరిపెట్టలేం.

రక్తం ఎక్కువ పోవడానికి కారణం వెతకాలి. స్కానింగ్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చేయించుకోండి. మాత్రలతో చాలామందికి తగ్గుతుంది, తగ్గకపోతే హార్మోన్ ఉన్న లూప్ వేస్తారు. క్యాన్సర్ భయమైతే, గర్భసంచి ముఖద్వారం పరీక్ష 30 దాటినవాళ్లకు సర్కారు దవాఖానలోనే చేస్తారు, ఐదు నిమిషాల పని. 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారాలు ఆడవాళ్ల కోసమే పెట్టినవి, మీలాంటి ఇబ్బందులతో పాటు ముట్లుడిగే దశ సమస్యలూ అందులో చూడాలని పెట్టారు. పెద్ద గడ్డలుండి మందులకు లొంగకపోతేనో, క్యాన్సర్ తేలితేనో ఆపరేషన్ మాట, అదీ ఇంకో గైనకాలజిస్ట్ కూడా అవునన్నాకే.

ప్రశ్న: నాకు 37, పెళ్లై రెండేళ్లు. ఏడు నెలలుగా పీరియడ్స్ లేవు, ఎఫ్ఎస్‌హెచ్ రెండుసార్లూ చాలా ఎక్కువ వచ్చింది. దాత అండంతో ఐవీఎఫ్ అంటున్నారు. మా అత్తమ్మ నన్ను మాటలంటోంది. (హనుమకొండ)

జవాబు: 40 లోపే ఇలా అండాశయాలు పనిచేయడం తగ్గిపోవడం సుమారు నూటికి ఒకరిలో చూస్తాం. తప్పు మీది కాదని మీ ఆయన చేత అత్తమ్మకు చెప్పించండి, మీరు చెబితే ఆమె వినకపోవచ్చు. తలుపు పూర్తిగా మూసుకుపోలేదు, ఇలాంటివాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికి తమంతట తామే గర్భం వచ్చిన సందర్భాలున్నాయి, కానీ దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోమని నేను చెప్పను. దాత అండంతో అవకాశాలు బాగుంటాయి. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలపై వచ్చిన 2021 చట్టం ప్రకారం ఆడవాళ్లకు 50 ఏళ్ల దాకా ఈ చికిత్స చేయొచ్చు కాబట్టి, రేపే డబ్బు కట్టాలని తొందరపెట్టేవాళ్ల మాట నమ్మొద్దు. తొందర వేరేచోట ఉంది. పిల్లల సంగతి ఎలా ఉన్నా, మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా మీకు హార్మోన్ మందులు కావాలి, ఎముకల కోసం, గుండె కోసం. ఐవీఎఫ్ హడావిడిలో ఇది చాలామంది అడగరు. మీరు అడగండి.

ప్రశ్న: మా అమ్మకు 58. ముట్లు ఆగి ఆరేళ్లయ్యాక మళ్లీ కొద్దిగా రక్తం కనిపించింది. మళ్లీ వయసొచ్చిందని ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. (మంచిర్యాల)

జవాబు: నవ్వే విషయం కాదమ్మా. ఒక్క చుక్కే అయినా, నొప్పి లేకపోయినా ఈ వారమే గైనకాలజిస్ట్‌కు చూపించండి. చాలాసార్లు లోపలి పొర పల్చబడి అలా అవుతుంది, కానీ గర్భసంచి క్యాన్సర్ మొదట బయటపడేదీ ఇలాగే, అప్పుడే పట్టుకుంటే నయమవుతుంది. స్కానింగ్‌లో ఆ పొర మందం చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అమ్మ సిగ్గుపడి వద్దంటే, తోడు మీరే వెళ్లండి.