కందిచేలో కొమ్ముల పురుగు, ఇంట్లో నీట్ గొడవ

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ రాయనంటోంది. కందిచేలో కొమ్ముల పురుగును ఫొటోలు తీసి, ‘దీనికి ఈ కొమ్ములెలా వచ్చాయో అదే చదువుతా’ అంటోంది. ఈ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, తాండూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి అడిగిన ప్రశ్న మీద శాస్త్రవేత్తలే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ముందు ఆ సంగతి చెప్తాను. ఏ కోర్సులో చేరాలన్నది అక్కడే తేలుతుంది.

ఆ పురుగు మెంబ్రాసిడే కుటుంబానిది. కంది, తుమ్మ కొమ్మల మీద రసం పీలుస్తుంది. అది వదిలే తియ్యటి ద్రవం కోసం చీమలు చుట్టూ మూగుతాయి. తల వెనక రొమ్ము మొదటి భాగపు పైకప్పు ఉబ్బి, రెండు పక్కలా కొమ్ముల్లా పొడుచుకొస్తుంది, వీపు మీదుగా ముల్లులా వెనక్కి సాగుతుంది. దక్షిణ అమెరికాలో దీని చుట్టం బొసైడియంకైతే అదే భాగం కొమ్మలు వేసి, చివర్లలో గుండ్రటి బుడిపెలతో ఉంటుంది.

కీటకాలకు రెక్కలు రొమ్ము రెండో, మూడో భాగాలకే ఉంటాయి. మొదటి భాగానికి రాకుండా ఎస్‌సీఆర్ అనే జన్యువు అడ్డుపడుతుంది. 2011లో ఫ్రాన్స్ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో, ఈ పురుగుల్లో ఆ అడ్డు పనిచేయడం మానేసిందనీ, ఆ కొమ్ములు మూడో జత రెక్కల్లాంటివేననీ రాశారు. ఏడాది తిరక్కముందే మరో బృందం శరీర నిర్మాణాన్ని మళ్లీ పరిశీలించి, అవి రెక్కలు కావు, పెరిగిన పైకప్పేనని తేల్చింది. తర్వాత అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏ భాగంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో పోల్చి చూశారు. పైకప్పు పైకప్పే, కానీ రెక్కల్ని తయారుచేసే జన్యువుల్ని వాడుకుని అలా పెరిగిందన్నారు. నాకు ఇది ఎంతో అందమైన జవాబు.

దీన్నిబట్టి ఒకటి స్పష్టం. ఈ పనికి మైక్రోస్కోపు కింద ఓపికగా కోసి చూసే చెయ్యి కావాలి, జన్యుశాస్త్రమూ రావాలి. రెండూ నేర్పేచోటికే పంపాలి.

నా మొదటి ఎంపిక ఐసర్, అంటే సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, తిరుపతిలోనే క్యాంపస్ ఉంది. ప్రవేశ పరీక్ష ఐఏటీని బైపీసీ వాళ్లూ రాయొచ్చు. అయితే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌తో పాటు మ్యాథ్స్ నుంచీ 15 ప్రశ్నలు వస్తాయి. మన బైపీసీ పిల్లలు వెనకబడేది సరిగ్గా ఇక్కడే. కొమ్ముల మీద ఆసక్తి నిజమైతే ఈ మ్యాథ్స్ ఇప్పుడే మొదలుపెట్టాలి. ఈ మాట అమ్మాయికి గట్టిగా చెప్పండి.

రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ కూడా రాయించండి. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్, ఆపైన ఎంటమాలజీ (కీటకశాస్త్రం)లో ఎమ్మెస్సీ చేస్తే వ్యవసాయాధికారి పోస్టులు, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) శాస్త్రవేత్త పోస్టులకు పోటీ పడొచ్చు. అక్కడ ప్రధానంగా అడిగేది పురుగు వల్ల పంట నష్టం ఎంత, ఎలా ఆపాలి అని. కొమ్ముల పుట్టుక గురించి అడిగేవాళ్లు తక్కువ. ఉద్యోగ భద్రత మాత్రం ఈ దారిలోనే ఎక్కువ. మామూలు బీఎస్సీ జువాలజీ అయితే మంచి ల్యాబ్ ఉన్న కాలేజీ దొరికితేనే.

డబ్బు సంగతి దాచను. పరిశోధనంటే పీహెచ్‌డీ తప్పదు. సీఎస్‌ఐఆర్-నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. బెంగళూరు ఎన్‌సీబీఎస్, హైదరాబాద్ సీసీఎంబీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో చేరొచ్చు. కానీ పర్మనెంటు ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటిపోవచ్చు. అప్పటిదాకా ఇంటికి డబ్బు పంపాలని ఒత్తిడి పెట్టకుండా ఉండగలిగే పరిస్థితిలో మీరున్నారా? ఇది మీరూ, అమ్మాయి వాళ్ల నాన్నగారూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. లేదనిపిస్తే అగ్రికల్చర్ వైపే వెళ్లనివ్వండి. పీహెచ్‌డీలో ఈ ప్రశ్నను మళ్లీ అందుకోవచ్చు.

ఈలోపు ఒక పని. పిల్ల పురుగులకు ఆ కొమ్ములు పూర్తిగా ఉండవు, చివరిసారి కుబుసం విడిచాకే బయటపడతాయి. కొమ్మతో సహా నాలుగు పిల్ల పురుగుల్ని గాజు సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, రోజూ తేదీ వేసి బొమ్మ గీయమనండి. కొమ్మ వాడితే మార్చాలి. రేపు ఎక్కడైనా వేసవి ప్రాజెక్టుకు దరఖాస్తు పెడితే, సర్టిఫికెట్ల కన్నా ముందు ఆ నోట్‌బుక్ చూపించమనండి.