ఆ రింగు పారేయకండి

ప్రశ్న: పొద్దున్నే తలుపు తీసేసరికి వరండాలో ఓ చిన్న పిట్ట చచ్చి పడి ఉంది. కిటికీ అద్దానికి కొట్టుకున్నట్టుంది. పాతిపెట్టబోతూ చూస్తే కాలికి సన్నటి లోహపు రింగు, దాని మీద అక్షరాలు, అంకెలు. ఎవరి పెంపుడు పిట్టో అనుకుని రింగు తీసి దాచాను. అడవి పక్షులకు కూడా వేస్తారని మా అబ్బాయి అంటున్నాడు. స్వేచ్ఛగా ఎగిరే ప్రాణికి అది బాధ కాదా? దానివల్ల ఒరిగేదేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: దాచి మంచి పని చేశారమ్మా. పందెం పావురాల రింగుకు అతుకుండదు. గూట్లో పిల్లగా ఉన్నప్పుడే పాదం మీదుగా ఎక్కిస్తారు, పెద్దయ్యాక ఊడిరాదు. పక్షుల్ని పట్టి, రింగు వేసి, వాటి బతుకు తెలుసుకునే మాలాంటి వాళ్లం అడవి పక్షులకు వేసేది చీలిక ఉన్న రింగు. కాలి చుట్టూ పెట్టి, పటకారుతో నొక్కి మూసేస్తాం. మీరు విప్పి తీయగలిగారంటే అది మాలాంటి వాళ్లెవరో వేసిందే అయ్యుంటుంది.

బాధ సంగతి. 1890లో డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు స్టార్లింగ్ అనే పిట్టలకు జింకు రింగులు వేసి చూశాడు. బరువెక్కువయ్యాయి. 1899లో తేలికైన అల్యూమినియంతో మళ్లీ మొదలుపెట్టాడు. మేమూ కాలి మందాన్ని బట్టి రింగు సైజు ఎంచుతాం. కాలి మీద వదులుగా తిరగాలి, పాదం మీదికి జారకూడదు. అసలు ప్రమాదం రింగులో కాదు, పిట్టల్ని పట్టడానికి మేం కట్టే వలలో ఉంది. ఒకసారి ఉన్నట్టుండి వాన పడింది. నేను చేరేలోగా వలలో చిక్కిన ఒక పిట్ట తడిసి, చలికి చచ్చిపోయింది. తప్పు నాదే. ఇరవై ఏళ్లయినా దాని బరువు నా అరచేతిలో ఉంది. ఇప్పుడు మబ్బు కమ్మితే చాలు, వలలు చుట్టేస్తాను.

పిట్టను పట్టేటప్పుడు మెడ చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఉంటుంది, రెక్కలు అరచేతిలో ముడుచుకుని ఉంటాయి. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందంటే, దడలా కాదు, సన్నటి వణుకులా తెలుస్తుంది. గొంతు కింద ఈకల మీద మెల్లగా ఊదితే అవి విడిపోయి, పల్చటి చర్మం కింద చిన్న గుంట కనిపిస్తుంది. అందులో పసుపు రంగు కొవ్వు నిండి ఉంటే పిట్ట దూరప్రయాణానికి సిద్ధమైనట్టే. అప్పుడు నేనింకా తొందరపడతాను. రెక్క కొలిచి, తూచి, వయసు రాసుకుని వదిలేస్తాను.

ఒరిగేదేమిటన్నారు. ఇంగ్లండులో 1911లో ఒక ఇంటి వసారాలో రింగు వేసిన స్వాలో పిట్ట 1912 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో, ఒక రైతు ఇంట్లో దొరికింది. అక్కడివాళ్లు అంకెలు చదివి ఉత్తరం రాశారు. బ్రిటన్ స్వాలోలు చలికాలం ఎక్కడ గడుపుతాయో అలా తెలిసింది. మీలాగే ఎవరో ఒకరు వంగి చూడబట్టే!

వలస పక్షుల కథలే అందరికీ నచ్చుతాయి గానీ, ఊరు దాటని పిట్టల లెక్క నాకు అంతకన్నా ముఖ్యం. ఏటా అదే చోట, అన్నే వలలు, అన్నే గంటలు వేస్తాం. పెద్దవాటితో పోలిస్తే ఆ ఏటి పిల్లలు తక్కువ పడితే గూళ్లు సరిగా సాగలేదని అర్థం. నిరుడు రింగు వేసిన పెద్దవి తిరిగి దొరకడం తగ్గుతూ వస్తే, అవి బతకడమే కష్టమవుతోందన్నమాట. ఊరికే తలలు లెక్కపెడితే సంఖ్య తగ్గిందని తెలుస్తుంది తప్ప, పిల్లలు తక్కువవడం వల్లా, పెద్దవి చావడం వల్లా అన్నది తెలియదు.

ఇక మీరు చేయాల్సింది. రింగును పూర్తిగా చాపకండి, విరిగిపోవచ్చు. భూతద్దంతో ప్రతి అక్షరం, అంకె రాసుకోండి, ఫోటో తీయండి. రింగు వేసిన సంస్థ పేరో చిరునామానో దాని మీదే ఉంటుంది. తేదీ, చోటు, అద్దానికి కొట్టుకుందన్న అనుమానంతో సహా వాళ్లకు రాయండి. చిన్న పిట్టల్లో వందకు ఒకటి కూడా ఇలా దొరకదమ్మా. దాన్ని ఎప్పుడు, ఎక్కడ పట్టి వదిలారో వాళ్లు మీకు తిరిగి రాస్తారు. ఇంకెప్పుడైనా బతికున్న పిట్ట కాలికి రింగు కనిపిస్తే మాత్రం అంకెలు చదివి వదిలేయండి, రింగు తీయొద్దు.